పెట్టుడు మందు

“మందు పెట్టావా?” అని అడిగారు అత్తయ్యగారు.

“పెట్టానండీ,” అన్నాను.

చెయ్యి కూడా ఆపలేదు నేను. శరత్ ఆఫీసుకు తీసుకెళ్లే మజ్జిగ సీసాకి మూత బిగిస్తూ, కూనిరాగం తీస్తూ, ఎంతో తేలిగ్గా అనేశాను.

తలెత్తి చూసేసరికి ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నాయి. చుక్క ఒలికినా ఊరుకోని మనిషి, ఆ పాల వైపు చూడనైనా లేదు. గట్టు మీద నేను చింపి పడేసిన చిన్న పొట్లం వైపే చూస్తున్నారు.

“ఎన్నాళ్లయింది?”

“పోయిన నెల నుంచేనండీ.”

“ఎవరిచ్చారు? మీ అమ్మా?”

“మా అమ్మకేం తెలుసండీ...” అని నవ్వబోయి ఆగిపోయాను.

అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ అడిగిన మందు వేరు. నేను పెట్టానన్న మందు వేరు.

పెట్టుడు మందు. మొగుడు తన చెప్పుచేతల్లో ఉండాలని పెళ్లాం అన్నంలో కలిపి పెడుతుందట. అది పేగుకి అంటుకుని కూర్చుంటుందట. తిన్నది ఒంటబట్టక మనిషి చిక్కిపోతాడట. కక్కిస్తే తప్ప పోదట. గుడివాడలో మా ఇంటి పక్క పోర్షన్‌లో ఆడవాళ్లు చెప్పుకుంటూంటే, కాలేజీ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని విని, కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్న మాట అది.

“అయ్యో, ఆ మందు కాదండీ!” అన్నాను కంగారుగా. “ఇది ప్రోబయాటిక్. పొట్టకి మంచిది. మంచి బ్యాక్టీరియా.”

“అంటే?”

“అంటే... పురుగులు కాదు గానీ... పెరుగులో ఉంటాయే, అలాంటివి.”

“పెరుగులో పురుగులా?”

చింపిన పొట్లం తీసుకుని, చెయ్యి దూరంగా చాచి పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివారు. “లైవ్ అని ఉందిక్కడ. లైవ్ అంటే బతికున్నవేగా? బతికున్న పురుగుల్ని నా బిడ్డ మజ్జిగలో కలుపుతున్నావా?”

నా చేతిలోంచి సీసా లాక్కుని సింకులో వంపేశారు. తెల్లటి మజ్జిగ చుట్టూ తిరిగి తిరిగి జాలీలోంచి దిగిపోయింది.

“ఒరేయ్ శరత్! ఒకసారి ఇలా రా.”

శరత్ వచ్చాడు. ఒక కాలికి మేజోడు, రెండోది చేతిలో. రోజూ అంతే. ఇల్లంతా ఒంటి మేజోడుతో తిరుగుతాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ అది చూసినప్పుడల్లా నాకు ముద్దొస్తుంది. అప్పుడు కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది, ఏం చెప్పను.

“ఈ పొడి సంగతి నీకు తెలుసా?” అత్తయ్యగారు పొట్లం చూపించారు.

శరత్ పొట్లం వైపు చూశాడు. సింకు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

ఆ పొట్లాలు కొన్నది తను. ఫ్రిజ్‌లో కరివేపాకు సంచి వెనక దాచింది తను. ‘అమ్మ కంటపడకుండా మజ్జిగలో కలిపెయ్, నేను ఆఫీసులో తాగేస్తా’ అని నా భుజం మీద గడ్డం ఆనించి బతిమాలింది తను. కూనిరాగం ధ్యాసలో నోరు జారింది మాత్రం నేను.

“నాకేం తెలీదమ్మా,” అన్నాడు శరత్.

రెండో మేజోడు తొడుక్కుని, క్యారేజీ లేకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

*

నలుగురిలో ‘మీరు’, గదిలో ‘నువ్వు’. పెళ్లయిన వారంలోనే మేమిద్దరం చేసుకున్న ఒప్పందం అది. ‘ఏవండీ’ అని నేను హాల్లోంచి పిలిస్తే గదిలో శరత్ నవ్వాపుకోవడం, ఆ నవ్వు నాకు గోడ అవతలికి వినిపించడం... అంత చిన్నవాటికే నాకు కడుపు నిండిపోయేది.

రెండో ఒప్పందం శరత్ కడుపు గురించి.

మొదట్లో నాకు తెలీలేదు. పొద్దున్నే బాత్‌రూమ్‌లో కుళాయి ఎప్పుడూ ధారగా పోతుంటే, ఎంత శుభ్రమైన మనిషో అని మురిసిపోయాను. లోపలి చప్పుళ్లు బయటికి వినపడకూడదని తిప్పి ఉంచుతాడని తర్వాత తెలిసింది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. బస్సు గొల్లపూడి చేరేసరికి కడుపులో మెలిపెట్టేది. దిగి, దొరికిన చోటికి పరుగెత్తి, తర్వాతి బస్సు పట్టుకునేవాడు. పై అధికారి దగ్గర రోజుకో అబద్ధం.

కృష్ణ ఒడ్డున కూర్చుని, ఒకే కప్పు ఐస్‌క్రీమ్ ఒకే చెంచాతో తింటున్నప్పుడు చెప్పాడు నాకు. “ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్” అని పూర్తి పేరు చెప్పి, “కాలేజీ హాస్టల్ రోజుల నుంచీ ఉంది. ఇంట్లో తెలీదు. నువ్వూ చెప్పకు,” అన్నాడు. చెంచా నా చేతికిచ్చాడు. ఎంగిలి చెంచా. ఆ రోజు నా అంత అదృష్టవంతురాలు బెజవాడలో లేదనుకున్నాను. ఎవరికీ చెప్పనిది నాకు చెప్పాడు కదా!

సినిమాకని ఇంట్లో చెప్పి ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. పరీక్షలన్నీ చూశాక ఆయన, “పేగుకి పుండు లేదు, గడ్డ లేదు. చూడ్డానికి బాగానే ఉంది. పనిచెయ్యడంలోనే పేచీ పెడుతోంది,” అన్నారు. “మన పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఈ ప్రోబయాటిక్ మంచివాటికి బలం అనుకోండి. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు. కొన్నాళ్లు వాడి చూద్దాం. వేడి వాటిలో కలపకండి, చచ్చిపోతాయి.”

లేచి వచ్చేస్తుంటే శరత్‌ని ఆపి, “అన్నిటికంటే ముందు, ఇంట్లో దాచడం మానెయ్యండి. దాచినకొద్దీ కడుపు గోల చేస్తుంది,” అన్నారు.

మిగతావన్నీ చేశాం. అదొక్కటే చెయ్యలేదు.

పోయిన వారం శరత్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. “మనోజ్ఞా! గొల్లపూడిలో దిగలేదు! నిద్రపోయాను బస్సులో!” పొడి పనిచేసిందో, నాతో చెప్పుకున్నాక మనసు తేలికపడిందో, ఎవరికి తెలుసు. నేను గరిటె పట్టుకుని వంటింట్లో గిర్రున తిరిగాను. ఆ సాయంత్రం బండి దగ్గర చెరో పునుగు తిన్నాం. ఒక్కటే. శరత్ కళ్లు మూసుకుని నమిలాడు.

*

గోరుచిక్కుడు కాయలు ముందేసుకుని హాల్లో కూర్చున్నారు అత్తయ్యగారు. నేను ఎదురుగా కూర్చున్నాను. పక్కన కుర్చీలో మామయ్యగారు పేపర్ చదువుతున్నారు. ఆయన పేరు రామ్మూర్తి. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పిల్లల్ని వణికించేవారట. ఇంట్లో మాత్రం పేపర్ చాటునే ఉంటారు.

“డాక్టరే ఇచ్చారండీ ఆ పొడి,” అన్నాను మెల్లిగా.

“ఏ డాక్టరు? ఎవరికోసం ఇచ్చాడు? వాడు తెలీదన్నాడుగా.”

నా మాట నిజమైతే శరత్ మాట అబద్ధం. పెళ్లికి ముందు నుంచే ఉందని చెబితే, పెళ్లిచూపుల్లో మా నాన్నతో ఆవిడ అన్నమాట అబద్ధం. ‘మావాడు రాళ్లు తిన్నా అరిగించుకుంటాడండీ’ అన్నారు ఆ రోజు. ఆవిడ తెలిసి అన్నది కాదు, పాపం. ఆవిడకి తెలీదు.

“అదిగో, ఆ ఫొటోలో ఉన్నది మా అన్నయ్య,” అన్నారు అత్తయ్యగారు కాయ నార తీస్తూ. “మనిషి తాడిచెట్టులా ఉండేవాడు. పెళ్లయిన ఏడాదికి మొదలైంది. ముద్ద దిగితే కడుపునొప్పి. పొద్దువాలితే ఒళ్లు వెచ్చబడేది. చివరికి మొలకి పంచె నిలిచేది కాదు.”

ఈ కథ శరత్ నాకు చెప్పాడు. చిన్నప్పుడు ఎప్పుడు కడుపునొప్పన్నా వాళ్లమ్మ ఈ ఫొటో ముందు కూర్చుని ఏడ్చేదట. అందుకని ఆ మాట అనడమే మానేశాడట.

“డాక్టరుకి చూపించలేదా అండీ?”

“పెట్టుడు మందుకి డాక్టరేం చేస్తాడన్నారు మా నాన్నగారు. సంపూర్ణమ్మ పెట్టిందని ఊరూ వాడా అన్నారు. మా వదిన. కూచిపూడి అవతల వాళ్ల పుట్టింటికి పంపేశాం. మళ్లీ గుమ్మం తొక్కనివ్వలేదు. అన్నయ్యని తీసుకెళ్లి కక్కించాం. నా కళ్లతో చూశాను. నల్లటి ముద్ద. అందులో వెంట్రుకలు.”

“మందు మొత్తం వచ్చేసిందా అండీ?”

“వచ్చేసిందనే చెప్పాడా కక్కించినాయన.”

“మరి... వచ్చేశాక కూడా మీ అన్నయ్యగారు ఎందుకు పోయారండీ?”

నేను ఎత్తిపొడవాలని అడగలేదు. నిజంగా తెలీకే అడిగాను.

అత్తయ్యగారి చేతిలో కాయ సగం విరిగి ఆగిపోయింది. మామయ్యగారు పేజీ తిప్పబోయి ఆగారు.

“ఆలస్యం చేశామన్నారు,” అన్నారు ఆవిడ. “అందుకే ఈసారి ఆలస్యం చెయ్యను.”

విరిగిన కాయ పళ్లెంలో పడేసి ఫోన్ అందుకున్నారు. కొండపల్లి అవతల మందు కక్కించే ఒకాయన ఉన్నాడట. రేపు పొద్దున్నే పరగడుపున తీసుకురమ్మన్నాడట. పచ్చి గంగ కూడా ముట్టకూడదట.

“ప్రసూనా,” అన్నారు మామయ్యగారు పేపర్ కొంచెం దించి. “ఒకసారి డాక్టరుకి చూపించి...”

“మీరు పేపర్ చదూకోండి.”

ఆయన చదువుకున్నారు.

“నువ్వు మీ వాళ్లకి ఫోన్లూ గీన్లూ చెయ్యకు,” అన్నారు అత్తయ్యగారు నాతో. “రేపు అది బయటపడితే నేనే చేస్తాను మీ నాన్నగారికి. వచ్చి తీసుకెళ్లమని.”

గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఫోన్‌లో శరత్ మెసేజ్ ఉంది.

‘సాయంత్రం వచ్చి నేనే చెప్తా. ప్లీజ్.’

దాని పక్కన ఐస్‌క్రీమ్ కప్పు బొమ్మ.

నవ్వుతారేమో గానీ, ఆ బొమ్మ చూడగానే ఏడుపు ఆగిపోయింది. లేచి మొహం కడుక్కున్నాను. బాత్‌రూమ్‌లో ఒకే గ్లాసులో మా రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. సాయంత్రం ఎంతలో వస్తుంది? చెప్పేస్తాడు. అంతే. జడ వేసుకుని మల్లెపూలు కూడా పెట్టుకున్నాను.

*

దీపాలవేళకి వచ్చాడు శరత్. మొహం వాడిపోయి ఉంది. చేతిరుమాలు పిండితే కారేటంత తడి. గొల్లపూడిలో దిగాడన్నమాట. పోయేటప్పుడా, వచ్చేటప్పుడా, రెండుసార్లూనా అని అడగాలనిపించింది. అడగలేదు.

అత్తయ్యగారు కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నారు. తల నిమిరారు.

“ఎలా అయిపోయావురా నాన్నా. రేపు పొద్దున్నే మనం కొండపల్లి వైపు వెళ్తున్నాం. నీకేం కాదు. అది బయటికొచ్చేస్తే మళ్లీ మామూలు మనిషివవుతావు.”

నేను వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. చెప్పు శరత్. ఒక్క మాట.

శరత్ గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. మామయ్యగారు కూడా పేపర్ పక్కన పెట్టి చూస్తున్నారు.

“అయితే ఆఫీసుకి సెలవు చెప్పాలి,” అన్నాడు శరత్.

గదిలోకి రాగానే తలుపు వేశాను.

“చెప్తానన్నావుగా?”

“గట్టిగా మాట్లాడకు.”

“చెప్తానన్నావా లేదా?”

“చెబితే అమ్మ ఏమవుతుందో నీకు తెలీదు మనోజ్ఞా. మామయ్యలా నేనూ పోతానని మంచం పడుతుంది. ఇన్నేళ్లు దాచానని తెలిస్తే ఇంకా...” మంచం అంచున కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. “ఒక్కసారి వాంతి చేసుకుంటే సరిపోతుంది. అమ్మ మనసు కుదుటపడుతుంది. ఆ తర్వాత మనం మన మందు వాడుకుందాం, మామూలుగా.”

“వాంతిలో ఏం వస్తుంది?”

“ఏముంటుంది? పరగడుపున పసరు తప్ప ఏం రాదు.”

“మీ మామయ్యకి వెంట్రుకలొచ్చాయి.”

“అవి వాళ్లే పెడతారు మనోజ్ఞా, అరచేతిలో దాచి. ఆ మాత్రం తెలీదా?”

“రేపు నీకూ వస్తాయి. నల్లటి ముద్ద. అందులో వెంట్రుకలు. అప్పుడు అవి ఎవరు పెట్టినట్టు శరత్?”

శరత్ తలెత్తాడు. ఆ సంగతి అతను ఆలోచించలేదు. పొద్దుట్నుంచీ బస్సులో, ఆఫీసులో, గొల్లపూడిలో, తన కడుపు గురించీ వాళ్లమ్మ గురించీ ఆలోచించాడు. నా గురించి ఆలోచించలేదు. ఆ మొహం చూస్తే తెలిసిపోయింది.

“నన్ను పంపించేస్తారు,” అన్నాను. “సంపూర్ణమ్మగారిని పంపినట్టు.”

“అంతదాకా రానిస్తానా?”

“ఇంతదాకా రానిచ్చావుగా.”

లేచి బాత్‌రూమ్‌లోకి పరుగెత్తాడు. తలుపు పడింది. కుళాయి ధారగా మొదలైంది.

జడలోంచి పూలు తీసి కిటికీలో పెట్టాను.

*

తెల్లారింది. వీధిలో ఆటో వచ్చి ఆగింది. అత్తయ్యగారు తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, గుమ్మంలో నిలబడ్డారు. మామయ్యగారు చెప్పులు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకుంటున్నారు. శరత్ కొత్తగా ఉతికిన చొక్కాలో పరీక్షకు వెళ్లే పిల్లాడిలా ఉన్నాడు.

నిన్ననే అత్తయ్యగారు పొట్లాలన్నీ వెతికి చెత్తబుట్టలో పడేశారు. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి మిగిలింది. బయట ఎక్కడైనా అవసరమవుతుందని పెట్టుకున్నది. దాన్ని తీసుకుని, గ్లాసుడు చల్లటి మజ్జిగ పట్టుకుని హాల్లోకి వచ్చాను. అందరూ చూస్తుండగా పొట్లం చింపి పొడి అందులో వేశాను. చెంచాతో తిప్పాను. గాజు గ్లాసు గలగలమంది.

“ఏం చేస్తున్నావ్?” అన్నారు అత్తయ్యగారు.

నేను గ్లాసెత్తి సగం తాగాను. మూతి తుడుచుకున్నాను. మిగతా సగం శరత్ ముందు పట్టుకున్నాను.

“తాగు శరత్,” అన్నాను.

‘తాగండి’ అనకుండా ‘తాగు’ అన్న సంగతి అన్నాక గానీ తెలీలేదు. ఆ ఇంటి హాల్లో నేను అలా అనడం అదే మొదలు.

“ఎంగిలి గ్లాసా?” అన్నారు అత్తయ్యగారు. “మొగుడికి? నా కళ్లముందే? ఒరేయ్, ముట్టుకోకు! పరగడుపు చెడిపోతుంది. ఇంకో మందు పెడుతోంది నీకు!”

“అదే మందు అత్తయ్యగారూ. నేనూ తాగాను. నాకూ పెట్టుకున్నాననుకోండి.”

“శరత్! ఆటో ఎక్కు.”

శరత్ కదల్లేదు. నా కళ్లలోకి చూడలేదు, వాళ్లమ్మ వైపూ చూడలేదు. గ్లాసు అంచు వైపే చూస్తున్నాడు. అక్కడ నా పెదవి తగిలిన చోట మజ్జిగ గీత ఉంది. కృష్ణ ఒడ్డున చెంచా గుర్తొచ్చిందో లేదో నాకు తెలీదు. తాగితే, ఆ పొడి తనదేనని వాళ్లమ్మతో చెప్పినట్టు. తాగకపోతే, నేను మందు పెట్టిన పెళ్లాన్నే.

“నాన్నా, చెప్పరా,” అన్నారు మామయ్యగారు ఉన్నట్టుండి. అంతే అన్నారు. ఏం చెప్పాలో అనలేదు.

అంతలో శరత్ కడుపులోంచి గుడగుడమని పెద్ద చప్పుడు. ఇన్నేళ్లు కుళాయి కింద దాచుకున్న చప్పుడు. ఈసారి కుళాయి లేదు. గుమ్మం దాకా వినిపించింది.

అత్తయ్యగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

“విన్నారా? కదులుతోంది. లోపల మందు కదులుతోంది.”

శరత్ చెవులు ఎర్రబడ్డాయి. పెదవులు విడివడ్డాయి. మాటేదో నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది. చెయ్యి పైకి లేచింది, గ్లాసు వైపు వచ్చింది, నా వేళ్లకి తగిలీ తగలకుండా ఆగింది.

బయట ఆటో అతను హారన్ కొట్టాడు.